బీపీ రెండు చేతులకూ చూడాలి

సంపాదకుడు గారికి,

ఊరూరా బీపీ, షుగర్ పరీక్షలు చేస్తున్నారు, మంచిదే. కానీ అవి 30 ఏళ్లు దాటినవాళ్లకే. ఇరవై ఏళ్ల పిల్లకు బీపీ ఏమిటని అందరి ధీమా. కానీ తకయాసు ఆర్టిరైటిస్ అనే జబ్బు ఎక్కువగా ఆ వయసు ఆడపిల్లల్నే పట్టుకుంటుంది.

రక్తనాళాలు వాచే వాస్క్యులైటిస్ జబ్బుల్లో ఇదొకటి. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని, దాని కొమ్మల గోడలు మందమెక్కి లోపలి దారి ఇరుకైపోతుంది. చేతికి వెళ్లే కొమ్మ మూసుకుపోతే మణికట్టు దగ్గర నాడి అందదు. కిడ్నీకి వెళ్లేది ఇరుకైతే బీపీ విపరీతంగా పెరుగుతుంది. జపాన్ కంటి డాక్టర్ మికితో తకయాసు 1908లోనే ఒక యువతి కంటి రక్తనాళాల్లో దీని ఆనవాళ్లను వివరించారు.

మొదట్లో సన్న జ్వరం, నీరసం, బరువు తగ్గడం. ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్ రక్తపరీక్షలో అంకె ఎక్కువుంటే టీబీ అనుకుంటారు. జడ వేసుకుంటుంటే చెయ్యి లాగేస్తోందంటే 'రక్తం తక్కువలే' అని ఐరన్ మాత్రలిస్తారు.

ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నా. గర్భిణుల పరీక్ష రోజున రద్దీలో, బల్లకు ఏ చెయ్యి దగ్గరుంటే దానికే పట్టీ చుడతారు. మెషీన్ ఎర్రర్ చూపిస్తే బ్యాటరీని తిట్టుకుని రెండో చేతికి మారుస్తారు. అంకె రాగానే రాసేస్తారు. ఆ ఎర్రర్ మెషీన్‌ది కాకపోవచ్చన్న అనుమానమే రాదు. కార్డులో బీపీకి గడి ఒక్కటే మరి! కుడి చేతిలో 160 ఉన్నా, ఎడమ చేతిలో 110 చూసి 'నార్మల్' అని పంపేస్తే ఆ తల్లి గతేంటి?

గర్భిణుల మొదటి పరీక్షలోనూ, కాలేజీ హెల్త్ క్యాంపుల్లోనూ రెండు చేతులకూ బీపీ చూడాలని ఆరోగ్యశాఖ ఆదేశాలివ్వాలి. రెండు మణికట్ల దగ్గరా నాడి పట్టి చూడాలి. పై అంకెలో 20 తేడా పదేపదే వస్తుంటే పెద్దాసుపత్రికి రాసివ్వాలి. కొత్త మెషీన్లేమీ అక్కర్లేదు, మనిషికి ఇంకో రెండు నిమిషాలు చాలు.

త్వరగా పట్టుకుంటే స్టీరాయిడ్లు, వాటికి తోడు ఇచ్చే మందులతో అదుపులో పెట్టొచ్చు. ఆలస్యమైతే పక్షవాతం దాకా పోవచ్చు. ఈ మందులు ఏళ్ల తరబడి డాక్టరు కనుసన్నల్లోనే నడవాలి, స్టీరాయిడ్లను సొంతంగా ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. అలాంటప్పుడు ప్రతిసారీ హైదరాబాద్ బస్సెక్కమంటే కూలీ ఇళ్ల పిల్లలు ఎన్నాళ్లు తిరుగుతారు? జిల్లా ఆసుపత్రిలో నెలకోరోజైనా రుమటాలజిస్టు (కీళ్లవాతంతో పాటు ఇలాంటి జబ్బులు చూసే డాక్టరు) కూర్చునే ఏర్పాటు చేయాలి.

- ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం, నల్గొండ జిల్లా