కాలిన బోర్డును చాక్‌పీసు లెక్కలో రాయించండి

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఒంగోలులో మోటారు వైండింగ్ షాపు నడుపుతాను. బోరు మోటార్లు, రొయ్యల చెరువుల ఏరేటర్ల మోటార్లు కాలిపోతే మా దగ్గరికే వస్తాయి. మూడేళ్లుగా సాయంత్రాలు, ఆదివారాలు చీమకుర్తి వైపున్న ఒక ప్రభుత్వ హైస్కూలు పిలకాయలను రోబో పోటీలకు తయారు చేస్తున్నాను. ఈ ఉత్తరం మీ దగ్గర ఒకే ఒక్క ఉత్తర్వు అడగడానికి: బడి ల్యాబులో పిల్లలు నేర్చుకుంటూ పాడుచేసిన చిన్న సామానుకు మాస్టార్లను బాధ్యులను చేయొద్దని.

కిందటేడు పోటీ ఇంకా 19 రోజులు ఉందనగా ఎనిమిదో తరగతి పాప బ్యాటరీ తీగలు తారుమారుగా బిగించింది. మోటార్లను నడిపే బోర్డు కాలిపోయింది. ఆ వాసన నాకు రోజూ ఉండేదే. ఆ పాపకు మాత్రం చేతులు వణికాయి, "సార్, మా ఇంట్లో చెప్పబాకండి" అంది. రెండు మూడు వందలకు బజార్లో దొరికే బోర్డది. కానీ స్టాక్ రిజిస్టర్లో బీరువా, బల్లల పక్కన దానికీ ఒక నంబరుంది. సైన్సు మాస్టారు సంజాయిషీ రాసుకుని, సొంత డబ్బుతో కొత్తది కొనిపెట్టారు. ఆపైన ల్యాబుకు తాళం పడింది. 11 రోజులు పిలకాయలు తమ రోబోను కిటికీలోంచి చూశారు.

మాస్టారిని నేను తప్పుపట్టను. రిజిస్టర్లో సంతకం ఆయనది. రేపు లెక్కలు చూసేవాళ్లు వచ్చి అడిగితే జవాబు చెప్పాల్సిందీ ఆయనే.

ఆ తాళం వల్ల ఏం పోయిందో చెబుతాను: చేసి, చెడగొట్టి నేర్చుకునే వీలు. ఒకే కంపెనీవి, ఒకే పెట్టెలోవి రెండు మోటార్లు తీసుకున్నా సమానంగా తిరగవు. రోబో తిన్నగా పోకుండా ఎడమకు లాగుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు చక్కగా మలుపు తిరిగిన రోబో, బ్యాటరీ దిగేసరికి సగంలో ఆగుతుంది. అందుకే 'ఇన్ని సెకన్లు తిరుగు' అని రాస్తే కుదరదు, చక్రం ఎన్ని డిగ్రీలు తిరిగిందో కొలవాలి. ఇది నేను నల్లబల్ల మీద రాసి చెబితే తలూపారు. వాళ్ల రోబో నాలుగుసార్లు బల్ల మీదనుంచి కింద పడ్డాక అర్థం చేసుకున్నారు. రోబో తిరగాల్సిన పోటీ మైదానం బొమ్మను ఫ్లెక్సీ మీద వేయించాం. పగలు గీత పట్టుకుని పోయే రోబో రాత్రి ట్యూబులైటు కింద దారి తప్పేది. ఫ్లెక్సీ మీద లైటు మెరుపు వల్ల గీతను చూసే సెన్సరు మోసపోతోందని కనిపెట్టింది ఏడో తరగతి పిల్లవాడు. అప్పటినుంచి పరుగుకు ముందు నలుపు, తెలుపు రెండూ కొలుచుకోవడం వాళ్లకు అలవాటైంది. గ్రానైట్ యార్డు ఆయనొకరు ఇచ్చిన పలకల మీద ఆ ఫ్లెక్సీ పరిస్తే ముడతల బాధా తీరింది. చీమకుర్తి రాయి అంత సమంగా ఉండే బల్ల ఇంకెక్కడ దొరుకుతుంది?

2004లో మొదలైన వరల్డ్ రోబో ఒలింపియాడ్ పద్ధతి చూడండి. అందులో రోబోమిషన్ పోటీకి రోబోను విడిభాగాలుగానే తీసుకెళ్లాలి. అక్కడే పిల్లలే బిగించాలి, కోచ్ దగ్గరికి పోకూడదు. ముందు చెప్పని నియమం ఒకటి ఆ పూటే ఇవ్వొచ్చు. ఎప్పుడూ విప్పనివ్వని, పాడుచేయనివ్వని పిల్లలు ఆ గదిలో ఏం చేయగలరు?

డబ్బు లేక ఈ కష్టం రాలేదు. బడుల్లో పిల్లలు ఇలా చేతులతో చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబుకు కేంద్రం ఇచ్చే 20 లక్షల్లో 10 లక్షలు సామానుకు, మిగతా 10 లక్షలు అయిదేళ్ల నిర్వహణకు. 2025 బడ్జెట్లో ప్రభుత్వ బడులకు మరో 50,000 ల్యాబులు ప్రకటించారు. ల్యాబు కేంద్రానిదైనా తాళంచెవి పట్టుకున్న మాస్టారు మీ శాఖ మనిషి. ఆయన భయం తీర్చగలిగేది మీరే.

అందుకని ఈ మాట ఉత్తర్వుగా ఇప్పించండి: ల్యాబుల్లోని మోటార్లు, సెన్సర్లు, బోర్డులు, బ్యాటరీలు, తీగలు చాక్‌పీసుల్లాగా వాడకంలో ఖర్చయ్యే సామాను, నేర్చుకుంటూ పాడైనవాటికి ఏ ఉపాధ్యాయుడి దగ్గరా సొమ్ము రాబట్టరాదు, సంజాయిషీ అడగరాదు. దొంగతనం జరిగితే అడగండి, అది వేరు. కంప్యూటర్లు, త్రీడీ ప్రింటర్లు పాత లెక్కలోనే ఉండనివ్వండి.

కాలిన ఆ బోర్డు నా షాపులో మేకుకు వేలాడుతోంది. ఆ పాప ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. ప్లస్ తీగలన్నిటి కొసలకూ ఎర్ర గోళ్ల రంగు పూస్తుంది, కొత్తగా చేరిన ఆరో తరగతి వాళ్లతోనూ పూయిస్తుంది. ఈ నెలంతా ఆదివారాలు పొద్దున తొమ్మిదింటికి మా సాధన, షాపు వెనక రేకుల షెడ్డులో. బడి ల్యాబులో పెట్టుకోవాలని మా కోరిక.

ఇట్లు,
ఒంగోలు మోటారు వైండింగ్ పనివాడు