పచ్చడి డబ్బా చేరిందా

చిన్నా,

పచ్చడి డబ్బా చేరిందా లేదా అని మీ అమ్మ పొద్దున్నుంచీ నా ప్రాణం తీస్తోంది. నువ్వు ఫోన్ ఎత్తి 18 రోజులైంది, వాట్సాప్‌లో బ్లూ టిక్కులు పడుతున్నాయి కాబట్టి బానే ఉన్నావనుకుంటున్నాం. నాకేం కంగారు లేదు, ఊరికే రాస్తున్నా.

సెకండియర్ వాళ్ళకి థర్మో చెప్తున్నా, స్టీమ్ టేబుల్స్ తెమ్మంటే సగం మంది ఫోన్ చూపిస్తున్నారు. నా రీసెర్చ్ పేపర్ మళ్ళీ తిరిగొచ్చింది, అన్‌సర్టెనిటీ ఎనాలిసిస్, అదే కొలతల్లో ఎంత తేడా ఉండొచ్చన్న లెక్క, చాల్లేదట, నిజమేలే. సాయంత్రాలన్నీ కోర్సుల గుర్తింపుకిచ్చే ఎన్‌బీఏ ఫైళ్ళకే సరిపోతున్నాయి.

మొన్న సూళ్ళూరుపేట బాబాయి వచ్చాడు. వాళ్ళవాడూ మీ కాలేజీయేగా, ఈమధ్య అక్కడ ప్రాజెక్టులు చేసేవాళ్ళకంటే కొనేవాళ్ళే ఎక్కువట. నీ మాట వచ్చేసరికి కాఫీ బావుంది వదినా అన్నాడు. అంతే, ఇంకేం అన్లేదు.

మా దగ్గరా అంతే అనుకో. పోయినేడు నా బ్యాచ్ నలుగురూ డబుల్ పైప్ హీట్ ఎక్స్‌ఛేంజర్ తెచ్చారు, అదే పైపులో పైపు పెట్టి వేణ్ణీళ్ళ వేడి చన్నీళ్ళకెక్కించేది, అంబత్తూర్‌లో మేమే వెల్డింగ్ చేయించాం సార్ అన్నారు, ముట్టుకుంటే నీలం పెయింట్ నా వేలికంటుకుంది, ఇంకా ఆరలేదు. రిపోర్ట్ తెరిస్తే వేణ్ణీళ్ళు పోగొట్టుకున్న హీటూ చన్నీళ్ళు తీసుకున్న హీటూ దశాంశాలతో సహా సమానం, పైపు మీద చూస్తే ఇన్సులేషన్ ముక్క లేదు, కొంత వేడి గాల్లోకి పోవద్దూ! సరే ఆన్ చెయ్యండి అన్నా. హీటర్ వేశాక నీళ్ళు పొగలు కక్కుతున్నాయి, ఇండికేటర్‌లో అంకె మాత్రం తగ్గుతోంది. ఒకడు ఏసీ వల్ల సార్ అన్నాడు. వేడి కొలిచే కె టైప్ థర్మోకపుల్ వైర్లలో పసుపు ప్లస్సు, ఎరుపు మైనస్సు, వీళ్ళు ఎరుపు కదా అని ప్లస్‌కి పెట్టారు, అందుకే అంకె తిరగబడింది. తప్పు పెట్టినందుక్కాదు, నేనూ చదువుకునేటప్పుడు పెట్టా. రెండు వైర్లు మార్చి చూడాలని నలుగురిలో ఒక్కడికీ తట్టలేదు, ఎందుకంటే అది వాళ్ళది కాదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు, మీ అమ్మనడుగు.

నీ సోలార్ డ్రయ్యర్ ఎంతవరకొచ్చింది? పనిచెయ్యకపోయినా పర్లేదురా. గంటకోసారి మిరపకాయలు తూచి ఉన్నదున్నట్టు రాసుకో, ఎండకపోతే ఎండలేదనే రాయి, గాలి ఆడలేదా, గ్లాసు లోపల ఆవిరి పట్టిందా, ట్రేలు మరీ దగ్గరయ్యాయా, వైవాలో నేనైతే వాటికే మార్కులేస్తా. ఇదిగో, క్లాస్ పీకకూడదనుకుంటూనే పీకేశా.

రాత్రుళ్ళు ల్యాబ్‌లో ఉంటే స్వెటర్ వేసుకో, బెంగళూరు చలి నీకు పడదు. శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి ఇంట్లో ఉంటావు, కందిపొడి కొట్టి ఉంచింది అమ్మ. గోంగూర డబ్బా మూత గట్టిగా పెట్టు, పుస్తకాల మీద నూనె కారుద్ది.

అన్నట్టు మెటీరియల్‌కని తీసుకున్న 12 వేలకి బిల్లులుంటే ఫోటో తీసి పంపు. ఏం లేదు, రేట్లెలా ఉన్నాయో చూద్దామని.

నాన్న