ఫోర్సిత్ కౌంటీలో చదివిన ఉత్తరం

సంపాదకుల వారికి నమస్కారం.

నిరుడు ఆరు నెలల పాటు అమెరికాలోని జార్జియాలో మా అబ్బాయి ఇంట్లో ఉండి వచ్చాను. అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఆ ఫోర్సిత్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సాయంత్రం నడకకు బయలుదేరితే గుంటూరు బ్రాడీపేటలో తిరిగినట్టే ఉంటుంది, అంతమంది మనవాళ్లు. ఇల్లు కొనబోయే వారికి అక్కడ పెద్దలిచ్చే మొదటి సలహా మాత్రం ‘నల్లవాళ్లుండే ఏరియా వద్దు’ అన్నదే. తాము ఉంటున్న కౌంటీలో నల్లవాళ్లు అంత తక్కువగా ఎందుకున్నారని ఆరా తీసినవారు నాకు ఒక్కరూ తగల్లేదు. 1912లో ఒక శ్వేత యువతి హత్య దరిమిలా మూకలు ఇళ్లకూ చర్చిలకూ నిప్పుపెట్టి, దాదాపు 1,100 మంది నల్లజాతీయులను అక్కడి నుంచి తరిమేశాయి. 1987 జనవరిలో కూడా, మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు హోసియా విలియమ్స్ నడిపిన చిన్న ఊరేగింపు మీద అక్కడ రాళ్లు పడ్డాయి. ఆ దాడికి నిరసనగా వారం తర్వాత సుమారు 20,000 మంది వచ్చి అదే ఊళ్లో నడిచారు.

కింగ్ 1963 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరాన్ని అక్కడి గ్రంథాలయంలో తెచ్చుకుని చదివాను. నల్లవాళ్ల హక్కుల ఉద్యమానికి ఇది సమయం కాదంటూ ఎనిమిది మంది శ్వేతజాతి మతాచార్యులు పత్రికలో వేయించిన ప్రకటనకు ఆయన ఆ పత్రిక అంచుల మీదే జవాబు మొదలుపెట్టారు. టీవీలో చూసి ఫన్‌టౌన్ అనే వినోదాల పార్కుకు తీసుకెళ్లమని అడిగే ఆరేళ్ల కూతురికి, అందులోకి నల్లపిల్లలను రానివ్వరని చెప్పబోయి తండ్రి నోరు తడబడటం, ఎంత వయసొచ్చినా మగవాణ్ని ‘బాయ్’ అనే పిలవడం, భార్యకూ తల్లికీ ‘మిసెస్’ అన్న మర్యాద ఎన్నడూ దక్కకపోవడం అన్నీ ఒకే సుదీర్ఘ వాక్యంలో ఉన్నాయి. ముసలి పాలేరును పదేళ్ల పిల్లలు ‘ఒరే’ అనడం వింటూ పెరిగిన నాకు ఆ వాక్యం కొత్తగా అనిపించలేదు.

ఆ ఉద్యమపు ఒత్తిడితోనే 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ ఊపులోనే మరుసటి ఏడు, పుట్టిన దేశాన్ని బట్టి వలసలకు కోటా పెట్టే పద్ధతి రద్దయింది. అంతకుముందు భారతదేశం మొత్తానికి ఉన్న కోటా ఏడాదికి 100 మంది. మన డాక్టర్లూ ఇంజినీర్లూ వేల సంఖ్యలో విమానమెక్కింది దాని తర్వాతే.

మీ ప్రవాస పేజీలో బతుకమ్మ, సంక్రాంతి ఫొటోలు వేస్తున్నారు, సంతోషం. వచ్చే జనవరిలో, కింగ్ జయంతికి అక్కడ సెలవిచ్చే మూడో సోమవారం నుంచి, కింగ్ రాసిన ఆ ఉత్తరాన్ని తెలుగులో విడతలుగా ప్రచురించండి. పిల్లలు ఎలాగూ బడిలో చదువుకుంటారు కాబట్టి, ఇళ్లు కొనే పెద్దల కోసమే అడుగుతున్నాను. అనువాదానికి మనిషి కావాలంటే, ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన నేను సిద్ధంగా ఉన్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి