డ్రైవరు లేని కారు సిగ్నల్ దాటితే చలానా ఎవరికి? రవాణా మంత్రికి బహిరంగ లేఖ

కర్ణాటక రవాణా శాఖ మంత్రిగారికి,

నమస్కారం. బెంగళూరులో వాహన సాఫ్ట్‌వేర్, రోడ్డు భద్రత పనుల్లో ఉన్న తెలుగువాళ్లం ఈ లేఖ రాస్తున్నాం.

2019 సవరణతో వచ్చిన 2బి సెక్షన్ ప్రకారం, పరిశోధన కోసమంటూ కొన్ని రకాల వాహనాలను మోటారు వాహనాల చట్టం నుంచే కేంద్రం మినహాయించవచ్చు. అలాంటి కాగితం పట్టుకుని డ్రైవరు లేని టాక్సీల కంపెనీ మీ గడప తొక్కకముందే, ఆ కారు రెడ్ లైట్ దాటితే తప్పు ఎవరిదో తేల్చండి.

అదే చట్టంలో ప్రమాదకర డ్రైవింగ్‌కు సంబంధించిన 184 సెక్షన్ బండి నడిపిన మనిషిని శిక్షిస్తుంది. కెమెరా చలానా నంబరు ప్లేటును బట్టి యజమానికి వెళ్తుంది. నడిపిందెవరో చెప్పమని 133 సెక్షన్ అతణ్ణే అడుగుతుంది. ఎవరూ నడపలేదంటే? పరీక్ష కోసం సీట్లో కూర్చోబెట్టిన ఉద్యోగి మెడకు చుట్టుకుంటుంది. అమెరికాలోని టెంపీలో 2018లో జరిగిందదే. ఉబర్ పరీక్షా కారు ఢీకొని ఒక మహిళ చనిపోతే కంపెనీపై క్రిమినల్ కేసు పెట్టలేదు, సీట్లోని ఉద్యోగికి మూడేళ్ల ప్రొబేషన్ (జైలు బదులు అధికారుల పర్యవేక్షణ) పడింది.

అసలు తప్పు ఎక్కడ పుడుతుందో చూడండి. మన కూడళ్లలో ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఊపితే రెడ్ ఉన్నా వెళ్లాలి. సాఫ్ట్‌వేర్ ఆ సైగను పోల్చుకోలేక ఆగిపోతే వెనక హారన్ల మోత. పోనీ, సైగలను తేలిగ్గా నమ్మేలా సెట్టింగు మారిస్తే, హోటలు ముందు పార్కింగ్ కుర్రాడు చెయ్యి ఊపినా కారు రెడ్ దాటేస్తుంది. ఎంత నమ్మాలన్నది ఆఫీసులో ఎవరో ఆమోదించిన అంకె. అదే వెర్షన్ వంద కార్లలో ఉంటే, వందా ఆ పరిస్థితిలో అదే తప్పు చేయగలవు. ఒక్కో కారుకు ఐదొందలో వెయ్యో వసూలు చేస్తే కంపెనీకి అది పెట్రోలు ఖర్చు పాటి కూడా కాదు.

కాబట్టి నేరం కంపెనీ పేరున నమోదు కావాలి. ఇది కొత్తేమీ కాదు. మైనరు బండి నడిపితే 199ఎ కింద సంరక్షకుడినో యజమానినో దోషిగా చూస్తున్నాం కదా. కాలిఫోర్నియా కూడా 2024లో చట్టం చేసి, 2026 జులై నుంచి ఉల్లంఘన నోటీసు కంపెనీకే అందేలా ఏర్పాటు చేసింది.

అగ్రిగేటర్ లైసెన్సుతో కట్టడి చేద్దామనుకుంటే మాత్రం కుదరకపోవచ్చు. చట్టంలో అగ్రిగేటర్ అంటే ప్రయాణికుణ్ణి డ్రైవరుతో కలిపే వేదిక. ఇక్కడ డ్రైవరే లేడు! అందుకే 74 సెక్షన్ కింద ఇచ్చే టాక్సీ పర్మిట్‌లోనే షరతులు పెట్టండి, తప్పితే 86 కింద రద్దు చేయండి. 2బి కింద మినహాయింపు ఇచ్చినా నేరాలు, శిక్షల అధ్యాయాన్ని అందులో కలపవద్దని కేంద్రానికి ఇప్పుడే రాయండి.

షరతుల్లో ముఖ్యమైంది డేటా. ఉల్లంఘనకు 30 సెకన్ల ముందు నుంచి 15 సెకన్ల తర్వాత దాకా కెమెరా దృశ్యం, సిగ్నల్‌ను కారు ఏ రంగుగా చదివింది, సాఫ్ట్‌వేర్ వెర్షన్, దూరం నుంచి ఎవరైనా ఆదేశమిచ్చారా అన్నవి 24 గంటల్లో ట్రాఫిక్ పోలీసులకు చేరాలి. కంపెనీ రాసిచ్చే సారాంశం చాలదు. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రూజ్ అనే కంపెనీ డ్రైవరు లేని కారు ఒక మహిళను సుమారు 20 అడుగులు ఈడ్చుకెళ్లింది. ఆ సంగతి దాచి తప్పుడు నివేదిక ఇచ్చినందుకు కంపెనీ 5 లక్షల డాలర్లు కట్టింది.

ఒకే వెర్షన్ అదే తప్పు మూడోసారి చేస్తే, సరిదిద్ది పరీక్షలో నిరూపించేదాకా ఆ వెర్షన్ ఉన్న కార్లన్నీ షెడ్డుకు వెళ్లాలి. ఇంకొకటి: 2023 ఫిబ్రవరిలో పాత చలానాలకు ఇచ్చిన సగం రాయితీ లాంటిది ఈ జరిమానాలకు వర్తించదని పర్మిట్ షరతుల్లోనే రాయండి. లెక్కలు తెలిసిన కంపెనీ అలాంటి ప్రకటన కోసమే కాచుక్కూర్చుంటుంది.

ఇట్లు,
బెంగళూరు తెలుగు వాహన సాంకేతిక ఉద్యోగులు కొందరు