పరీక్ష చేయకుండానే పార్టులు మార్చిన మీ వర్క్‌షాప్ మీద ఫిర్యాదు

సర్వీస్ విభాగం హెడ్ గారికి,

విషయం: వేడెక్కాక కూడా తగ్గని ఐడిల్, అనవసరంగా మార్చిన ఐడిల్ వాల్వ్, చెప్పకుండా తిప్పేసిన థ్రాటిల్ స్క్రూ – మీ కూకట్‌పల్లి వర్క్‌షాప్.

నమస్కారమండీ. మాది 2004 మోడల్ ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ పోసే రకం) పెట్రోల్ కారు. మా నాన్నగారు కొన్నది, ఇప్పుడు నేను రోజూ ఆఫీసుకి అందులోనే వెళ్తున్నాను. నేను చెప్పిన కంప్లయింట్ ఒక్కటే: ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తర్వాత కూడా ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) 1,500 ఆర్‌పీఎం దగ్గరే ఆగిపోతోంది, ఒక్కోసారి 1,000 నుంచి 2,000 దాకా పైకీ కిందికీ ఊగుతోంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌కి కాసేపు రేస్ ఎక్కువ ఉండటం మామూలే, ఏసీ వేస్తే కొంచెం పెరగడమూ మామూలే, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూనే అలా పెంచుతుంది. కానీ వేడెక్కాక 800 చుట్టుపక్కలకి దిగాలి కదా. ఈ తేడా మీ అడ్వైజర్‌కి విడమరిచి చెప్పి, జాబ్ కార్డు మీద "వేడెక్కాక కూడా" అన్న మాట పట్టుబట్టి రాయించాను.

ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట దాకా సాయంత్రం ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొంచెం వదలగానే, యాక్సిలరేటర్ ముట్టుకోకపోయినా కారు ముందుకి తోసుకుపోతుంటే, ఎదురుగా బైక్ మీద వెనక పిల్లల్ని కూర్చోబెట్టుకున్నవాళ్లు ఉంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించండి. పెట్రోల్ వృథా సంగతి తర్వాత, ముందు ఇది భద్రత విషయం.

మీవాళ్లు స్కానర్ పెట్టారు, కోడ్ ఏమీ రాలేదన్నారు. రాదు. ఆ కాలం కార్లలో సెన్సర్ వైరు తెగితేనో, షార్ట్ అయితేనో కోడ్ పడుతుంది కానీ రబ్బరు పైపు చిరిగితే చెప్పే ఏర్పాటు సాధారణంగా ఉండదు. కోడ్ లేనప్పుడే కదా మెకానిక్ చేతి పని మొదలవ్వాల్సింది! దానికి బదులు మొదట ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అన్నారు, తగ్గలేదు. తర్వాత ఐడిల్‌లో గాలిని సర్దే ఐడిల్ వాల్వ్ కొత్తది వేశారు, అయినా తగ్గలేదు. చివరికి ఈసీయూ పోయిందని, మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఆ ఎస్టిమేట్ మీద ఏ పరీక్ష చేసి ఆ మాట అన్నారో ఒక్క లైను కూడా లేదు.

అక్కడే నేను బండి తీసుకుని రాణిగంజ్‌లో నాకు తెలిసిన ఒక ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు యాక్సిలరేటర్ కేబుల్‌లో కాస్త లూజు ఉందో లేదో చూశారు. తర్వాత కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌కి మల్టీమీటర్ పెట్టారు, ఎందుకంటే ఆ సెన్సర్ తప్పు చెబితే ఈసీయూ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని రేస్ దించదు. ఈ సెన్సర్లు చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర రెండు వేల ఓమ్‌లు దాటి ఉండే రెసిస్టెన్స్ 80 డిగ్రీలకి మూడు వందల చుట్టూ దిగిపోతుంది, మా కారుది సరిగ్గానే దిగింది. ఆ తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వచ్చే రబ్బరు పైపులు ఒక్కొక్కటే ప్లయర్‌తో, గుడ్డ అడ్డం పెట్టి, నొక్కుతూ వచ్చారు. బ్రేక్ తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్ పైపు నొక్కితే తేడా లేదు. ఇంజిన్ లోపలి ఆవిర్లని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ పైపు నొక్కగానే ఆర్‌పీఎం ఠక్కున పడిపోయింది. వంపు దగ్గర, అడుగు వైపున, పైనుంచి కనిపించని చోట చీలిక ఉంది.

ఆర్‌పీఎం ఊగడానికి కారణం కూడా ఆయనే చెప్పారు. చీలికలోంచి లోపలికి వెళ్లిన గాలిని, మానిఫోల్డ్‌లో ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్ పసిగడుతుంది, ఈసీయూ దానికి తగ్గట్టు పెట్రోల్ పోస్తుంది, రేస్ పెరుగుతుంది. థ్రాటిల్ మూసే ఉంది, ఆర్‌పీఎం మాత్రం ఎక్కువగా ఉంది కాబట్టి డ్రైవర్ కాలు తీసేశాడని లెక్కేసి పెట్రోల్ కట్ చేస్తుంది, పడిపోతుంది, మళ్లీ పోస్తుంది. అంటే నేను చెప్పిన "పైకీ కిందికీ" అన్న మాటలోనే సగం జవాబు ఉంది, మీ దగ్గర ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

నాకు అసలు కోపం తెప్పించింది దీని తర్వాతి సంగతి. పైపు మార్చాక కూడా ఐడిల్ 1,100 దగ్గర నిలబడిపోయింది. చూస్తే థ్రాటిల్ బాడీ మీద స్టాప్ స్క్రూకి కంపెనీ వేసిన పెయింట్ మార్కు పగిలి ఉంది. మీ దగ్గరికి రాకముందు అది చెక్కుచెదరలేదు, అంతకుముందు బానెట్ తెరిచి నేను తీసిన ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది. అది ఐడిల్ అడ్జస్ట్ చేసుకునే స్క్రూ కాదండీ. దాన్ని తిప్పితే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు, పొజిషన్ సెన్సర్ రీడింగ్ మారిపోతుంది, ఈసీయూకి ఐడిల్‌లో ఉన్నామన్న సంగతే తెలియకపోవచ్చు. దీన్ని బిల్లులో రాయలేదు, నాకు చెప్పలేదు. ఉస్తాద్ దాన్ని తిరిగి సెట్ చేశాకే ఐడిల్ 800కి వచ్చి కుదురుకుంది.

ఒకవేళ చీలిక బ్రేక్ బూస్టర్ పైపులో ఉండి ఉంటే? బ్రేక్ గట్టిపడిపోయేది. ఆ పైపుని కూడా ముట్టుకుని చూడకుండానే బండి ఓకే అని తాళాలు ఇచ్చారు.

కాబట్టి ఐడిల్ వాల్వ్ ధర, దాని లేబర్, థ్రాటిల్ క్లీనింగ్ డబ్బు వెనక్కి ఇవ్వాలి. నా పాత వాల్వ్ నాకు తిరిగి ఇవ్వాలి, అది బాగానే పనిచేసేదని నా నమ్మకం, బయట పరీక్ష చేయిస్తాను. స్క్రూ ఎవరు తిప్పారో, ఎవరు తిప్పమన్నారో, ఈసీయూ పోయిందని దేన్ని బట్టి తేల్చారో రాతపూర్వకంగా చెప్పాలి. ఫోన్ చేసి సారీ చెప్పి, తర్వాతి సర్వీసుకి డిస్కౌంట్ కూపన్ ఇస్తామంటే ఒప్పుకోను.

15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను, అక్కడా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం అని జిల్లా కమిషన్‌కి వెళ్తాను. జాబ్ కార్డు, రెండు బిల్లులు, ఈసీయూ ఎస్టిమేట్, స్క్రూ ఫోటోలు జత చేశాను. చిరిగిన పైపు నా దగ్గరే ఉంది, మీ టెక్నికల్ మనిషి ఎవరైనా వస్తే చూపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్