పెండ్లి కార్డుల కంప్యూటర్‌కు నెట్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండ, వరంగల్‌లోని డీటీపీ, జిరాక్స్ సెంటర్లలో విండోస్ 7 మిషన్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అక్కడక్కడ ఎక్స్‌పీ కూడా కనిపిస్తుంది. బద్ధకం కాదు, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, దాంట్లో వాడే తెలుగు అను ఫాంట్లే కారణం. ఏండ్ల తరబడి కొట్టిన పెండ్లి కార్డులు, కరపత్రాలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. అవి అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్ కావు కనుక ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలే వస్తాయి. ఆ మిషన్‌ను పారేయమంటే ఏ షాపాయనా ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. తంటా అంతా అదే మిషన్ మీద ఆధార్ ప్రింట్లు, ఎప్‌సెట్ దరఖాస్తులు, ఎనుమాముల మార్కెట్ అడ్తిదారుల జీఎస్టీ రిటర్నులు కూడా నడపడంతోనే.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. ఆగినా మిషన్ ఎప్పటిలాగే ఆన్ అవుతుంది కాబట్టి ఎవరికీ పట్టదు. కొత్త విండోస్‌కు ప్రతి నెలా రెండో మంగళవారం, లోపలి కంతలు పూడ్చే ప్యాచ్‌లు వస్తాయి. ప్యాచ్‌కు ముందటి ఫైలును, తర్వాతి ఫైలును పక్కపక్కన పెట్టి పోల్చితే కంత ఎక్కడుందో దొంగకు దొరికిపోతుంది. అదే కోడ్ పాత విండోస్‌లో ఉంటే అక్కడ పూడ్చే దిక్కు లేదు. యాంటీవైరస్ ఉంది కదా అంటారు. విండోస్ లోపలి కంతలోంచి పూర్తి అధికారాలతో దూరినవాడు ముందు ఆపేసేది దాన్నే.

ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ వాన్నాక్రై 2017 మే 12న విరుచుకుపడింది. దాన్ని ఆపే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం అది వేసుకోని విండోస్ 7 మిషన్లు. ఎవరూ లింకు నొక్కకుండానే, ఫైల్ షేరింగ్ జరిగే 445 పోర్టు గుండా మిషన్ నుంచి మిషన్‌కు పాకింది. వాన్నాక్రై దూరిన తలుపు పేరు ఎస్‌ఎంబీ 1, ఫైల్ షేరింగ్‌కు వాడే పాత పద్ధతి. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి దాన్ని మూసే ఇస్తున్నారు. ఎక్స్‌పీ ఫోల్డరు కొత్త మిషన్‌లో కనబడటం లేదని దానికి మళ్లీ టిక్ పెట్టి పోయే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు! కంట్రోల్ ప్యానెల్‌లో 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్' తెరిచి ఆ టిక్ తీసేయండి.

పాత మిషన్‌ను పేజ్‌మేకర్‌కే ఉంచండి. ల్యాన్ వైరు పీకి, డివైస్ మేనేజర్‌లో వైఫైని డిజేబుల్ చేసి, ప్రింటర్‌ను యూఎస్‌బీతో కలపండి. గిరాకీ తెచ్చిన పెన్‌డ్రైవ్ దానికి పెట్టొద్దు. రెండు మిషన్లకు చోటు లేకపోతే, 8 జీబీ ర్యామ్ ఉన్న కొత్త దాంట్లో, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ వేసి, ఎక్స్‌పీకి 1 జీబీ ఇచ్చి, నెట్‌వర్క్ అడాప్టర్ టిక్ తీసేస్తే సరిపోతుంది. బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ను కాపీ కాగానే పీకేయాలి. తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

నెట్ మిషన్ సంగతి వేరు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ కావాలి. అంతకంటే పాతవాటిలో బ్రౌజర్ పనికి, విండోస్ బదులు వేసుకునే ఉచిత లినక్స్ మింట్ చాలు. కానీ వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్ దాంట్లో పనిచేస్తాయో లేదో ముందే చూసుకోవాలి. 'యాక్టివేషన్ నేను చేస్తా' అంటూ విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆఫ్ చేయించే క్రాక్‌ల జోలికి అసలే పోవద్దు.

గిరాకీలకూ ఒక కిటుకు. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో 'అబౌట్' చూడండి. వెర్షన్ నంబరు 109 దగ్గరే ఆగి ఉంటే అది దాదాపుగా విండోస్ 7 లేదా 8 మిషనే. అక్కడ మాస్క్‌డ్ ఆధార్ మాత్రమే ఇవ్వండి, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. ప్రింట్ చేతికొచ్చాక డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి పీడీఎఫ్ తీయించండి. పాస్‌వర్డ్ ఉందనే ధీమా వద్దు, అది పేరులో మొదటి 4 అక్షరాలు, పుట్టిన సంవత్సరమే కదా. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే మీ ఫోన్‌లో 'లింక్డ్ డివైసెస్'లోకి వెళ్లి, లాగౌట్ కొట్టాకే షాపు మెట్లు దిగండి.

– ఒక కంప్యూటర్ సర్వీసింగ్ టెక్నీషియన్, హన్మకొండ