‘కొనండి’ అన్నప్పుడు అది కొనుగోలే కావాలి

సంపాదకుడికి,

వేసవి సెలవుల్లో మా అబ్బాయికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక వీడియో గేమ్ కొన్నాను. నెల తిరిగేసరికి ఆట పూర్తిచేసి, ఎప్పటిలాగే పాతది ఇచ్చి ఇంకొకటి తెచ్చుకుందామని వాడు అదే దుకాణానికి వెళ్లాడు. దుకాణదారు డబ్బా తెరిచి చూపించారు. లోపల డిస్కు లేదు, కోడ్ అచ్చువేసిన చీటీ మాత్రమే ఉంది. ఆ కోడ్‌ను ఒకసారి ఎవరి ఆన్‌లైన్ ఖాతాలో వాడితే ఆట ఆ ఖాతాకే అంటుకుపోతుంది. ఇంకొకరికి అమ్మలేము, ఇవ్వలేము. ఆ దుకాణదారును తప్పుపట్టడం లేదు. డబ్బా వెనుక ఇంగ్లీషులో, భూతద్దం పెట్టి వెతకాల్సిన అక్షరాల్లో ఆ మాట ఉంది. దాదాపు 4,000 రూపాయలు పోసిన నా కంటికే అది ఆనలేదు.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాతికేళ్ల కిందట కొన్న నిఘంటువు మా ఇంట్లో ఇంకా ఉంది. అన్నయ్య పిల్లలు వాడారు, ఇప్పుడు మావాడు వాడుతున్నాడు. ప్రచురణకర్త దుకాణం కట్టేసినా అది మా బీరువాలోంచి మాయం కాదు. డిజిటల్ సరుకుకు ఆ భరోసా లేదు. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన ‘ది క్రూ’ అనే కార్ల పందెం ఆట, ఒక్కరే ఆడుకున్నా సర్వరు, అంటే ఇంటర్నెట్ ద్వారా సంస్థ నడిపే కంప్యూటరు, లేనిదే నడిచేది కాదు. 2024 మార్చి 31న ఆ సర్వర్లను ఆపేశారు. కొన్నవారికి డిస్కులు మిగిలాయి, ఆట పోయింది. ఆగ్రహం పెరిగాక, అదే వరుసలోని తరువాతి ఆటలకు ఇంటర్నెట్ లేకుండా ఆడుకునే వీలు కల్పిస్తామని అదే సంస్థ ప్రకటించింది. అంటే అది చేతకాని పని కాదు, గట్టిగా అడిగేవరకు చేయని పని. ఐరోపాలో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమకారుల వినతికి 2025 జూలై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. సర్వర్లను ఎల్లకాలం నడపమని వారు కోరడం లేదు. ఆపేసేటప్పుడు, అమ్మిన ఆటను ఆడగలిగే స్థితిలో వదిలి వెళ్లమంటున్నారు. ఇందులో అన్యాయం ఏముంది?

పిల్లల ఆటలకు ఇంత రాద్ధాంతమా అనేవారు, తాము ఫోనులో ‘కొన్న’ పుస్తకాలు, సినిమాల షరతులు ఒకసారి చదవాలి. అక్కడ కూడా మనకు దక్కేది వాడుకునే అనుమతి మాత్రమే. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అన్న మాట వాడి ఇలాంటి సరుకు అమ్మడం చట్టవిరుద్ధం.

మనకూ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. అడగని వస్తువును బుట్టలో వేయడం వంటి 13 రకాల ఆన్‌లైన్ మాయలను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. అనుమతిని అమ్మకంగా చూపడం కూడా ఆ జాబితాలో చేరాలి. డబ్బా మీద గరిష్ఠ చిల్లర ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, ‘లోపల డిస్కు లేదు, తిరిగి అమ్మే వీలు లేదు’ అని తెలుగులో కూడా అచ్చువేయించాలి.

– ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్